పుస్తకాల జాబితా అచ్చుకిచ్చే ముందు ఒక్క ప్రోగ్రాం టైప్ చేసి చూడండి

గుంటూరు, విజయవాడ చుట్టుపక్కల డిగ్రీ, పీజీ కాలేజీలకు స్టాటిస్టిక్స్ సిలబస్ రాసే కమిటీల పెద్దలకు, లైబ్రరీ పుస్తకాలు కొనే కమిటీల సభ్యులకు, తోటి అధ్యాపకులకు

నమస్కారం. క్షేమసమాచారాలకు ఈ లేఖలో చోటు పెట్టడం లేదు, మన్నించండి. చెప్పాల్సింది చాలా ఉంది.

నేను గెస్ట్ లెక్చరర్‌ని. ఉండేది గుంటూరులో. వారంలో నాలుగు రోజులు బస్సెక్కి విజయవాడ వైపు ఒక కాలేజీకి వెళ్లి ఆర్ (స్టాటిస్టిక్స్ లెక్కలకి వాడే కంప్యూటర్ భాష) ప్రోగ్రామింగ్ ల్యాబ్ చేయిస్తాను. మిగతా రెండు రోజులు గుంటూరులోనే ఇంకో చోట. మాకు పీరియడ్ లెక్కన జీతం, కమిటీల్లో కుర్చీ ఉండదు. అందుకే ఆర్ పేపరు కింద వేసే పుస్తకాల జాబితా సరిచూడాలన్న ఈ సంగతి మొదట నోటిమాటగా చెప్పాను. తరువాత కాగితం మీద రాసిచ్చాను. ఇన్వర్డ్ నంబరు వేసి, "చూస్తారులెండి మేడం" అన్నారు. ఆరు నెలలు ఆగి మళ్లీ రాశాను, ఈసారి పిల్లల సంతకాలు కూడా పెట్టించి. ఆ తరువాత కొత్త సిలబస్ వచ్చింది. ఆర్ పేపరు చివర 'రిఫరెన్స్ బుక్స్' కింద ఐదు పేర్లున్నాయి. పాత ఐదే, పాత వరసలోనే. పాత సిలబస్‌లో మూడో పుస్తకం రచయిత ఇంటిపేరులో ఒక అక్షరం తప్పు పడింది. కొత్తదాంట్లోనూ ఆ అక్షరం అలాగే తప్పుగా ఉంది. ఆ పుస్తకాన్ని ఎవరూ తెరవలేదని నాకు అర్థమైంది అప్పుడే.

ఏ కాలేజీ, ఏ యూనివర్సిటీ అన్నది ఇక్కడ రాయను. రెండు మూడు చోట్ల సిలబస్‌లు పక్కపక్కన పెట్టి చూశాను, జబ్బు ఒక్కరిది కాదు. ఎవరినీ తప్పుపట్టాలనీ లేదు. ఆ జాబితా వల్ల మా పిల్లలకి ఏం జరుగుతోందో వరసగా చెప్తాను, తరువాత అడగాల్సినవి అడుగుతాను.

1. పుస్తకంలో ఒకటి, తెరమీద ఒకటి

రెండో సంవత్సరం అమ్మాయి. వాళ్ల నాన్న ప్రత్తిపాడు వైపు ఎకరంన్నర కౌలుకి తీసుకుని మిర్చి వేస్తాడు. సిలబస్‌లో ఉందని ఈ అమ్మాయి విజయవాడ ఏలూరు రోడ్డులో తిరిగి జాబితాలోని మొదటి పుస్తకాన్ని కొత్తదే కొంది. వెయ్యికి కొంచెం తక్కువ పడింది. ఆ పుస్తకంలో నాలుగో అధ్యాయంలో ఒక చిన్న పట్టిక తయారుచేసి, అందులో పేర్లున్న నిలువు వరసలో ఎన్ని రకాలున్నాయో 'లెవెల్స్' అన్న ఫంక్షన్‌తో అడుగుతారు. జవాబుగా మూడు పేర్లు వస్తాయని పుస్తకంలో అచ్చయి ఉంది. ఈ అమ్మాయికి తెరమీద వచ్చిన జవాబు 'నల్'. అంటే ఏమీ లేదని.

మళ్లీ టైప్ చేసింది. అదే జవాబు. కామాలు లెక్కపెట్టుకుంది, బ్రాకెట్లు లెక్కపెట్టుకుంది. మూడు రోజులు సాయంత్రం కాలేజీ అయ్యాక బస్సు వదులుకుని ల్యాబులో కూచుంది. నాలుగో రోజు నా దగ్గరికొచ్చి, "ఇంగ్లీషులో రాసింది నాకు సరిగా అర్థం కాలేదేమో మేడం" అంది.

అర్థం కాకపోవడం కాదు. పట్టికలో అక్షరాల వరస ఏది కనిపించినా దాన్ని 'ఫ్యాక్టర్'గా, అంటే రకాలుగా విడదీసిన వరసగా, మార్చేయడం ఆర్‌కి మొదటి నుంచీ ఉన్న అలవాటు. 2020 ఏప్రిల్‌లో వచ్చిన 4.0.0 వెర్షన్‌తో ఆ అలవాటు మానేసింది. అప్పటినుంచి అక్షరాలు అక్షరాలుగానే ఉంటాయి, ఫ్యాక్టర్ కావాలంటే మనం అడగాలి. పుస్తకం అచ్చయింది అంతకుముందు. ల్యాబులో ఉన్న ఆర్ ఆ తరువాతది. ఒక్క మాట అదనంగా రాస్తే సరిపోతుంది. రెండు నిమిషాల్లో చూపించాను. కానీ ఆ మూడు సాయంత్రాలు ఎవరిస్తారు? అంతకంటే, తనకే చేతకాదన్న ఆ అనుమానం ఎవరు తీస్తారు?

ఇంకో సంగతి. రికార్డు పుస్తకంలో ఆ అమ్మాయి రాసింది తెరమీద వచ్చిన జవాబు కాదు, పుస్తకంలో అచ్చయిన జవాబు. ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ గారు సంతకం పెట్టి, బాగుందన్నారు. ఒక సెమిస్టర్ మొత్తం మీద ఆ పిల్ల నేర్చుకున్న అసలు పాఠం అదే అయింది: కంప్యూటర్ ఏం చెప్పినా పుస్తకంలో ఉన్నదే రాయాలి. స్టాటిస్టిక్స్ చదివేవాళ్లు నేర్చుకోకూడని మొదటి పాఠం కూడా అదే.

వాళ్ల నాన్న ఒకసారి ఫోన్లో మాట్లాడాడు. "పుస్తకం కొనిచ్చాం కదమ్మా, ఇంకా రాలేదంటదేంటి?" అన్నాడు. నాకు జవాబు దొరకలేదు.

2. పాతదైతే చెడ్డదనీ కాదు

కొత్త సంవత్సరం ఉన్న పుస్తకాలు వేసేస్తే సరిపోతుందని తొందరపడొద్దని నా మనవి. డెన్మార్క్ బయోస్టాటిస్టిషియన్ పీటర్ డాల్‌గార్డ్ రాసిన 'ఇంట్రడక్టరీ స్టాటిస్టిక్స్ విత్ ఆర్' 2002లో వచ్చింది, రెండో కూర్పు 2008లో. నేను ఇప్పటికీ దాన్ని వదలను. టీ-టెస్ట్ (సగటులు పోల్చే పరీక్ష), రిగ్రెషన్ (ఒక కొలతతో ఇంకోదాన్ని అంచనా వేయడం), పట్టికలు, మన బీఎస్సీ పిల్లలు క్లాసులో వినే క్రమానికి దగ్గరగా నడుస్తుంది. దాని డేటా అంతా ఒక ప్యాకేజీగా (ఆర్‌కి చేర్చుకునే మూటగా) వస్తుంది కాబట్టి 2020 మార్పు దెబ్బ దానికి తక్కువ తగిలింది. నడుస్తుందని నాకెలా తెలుసంటే, ఒక వేసవి సెలవుల్లో కూచుని టైప్ చేశాను కాబట్టి.

'మోడర్న్ అప్లైడ్ స్టాటిస్టిక్స్ విత్ ఎస్' సంగతి వేరు. వెనబుల్స్, రిప్లీ రాసిన ఆ పుస్తకం నాలుగో కూర్పు 2002 నాటిది. పేరులోని 'ఎస్' ఆర్‌కి తల్లిలాంటి పాత కంప్యూటర్ భాష, 1976 ప్రాంతంలో బెల్ ల్యాబ్స్‌లో పుట్టింది. పుస్తకం గొప్పది. దాని తోడుగా ఉండే ప్యాకేజీ ఈనాటికీ ఆర్‌తోపాటే మన కంప్యూటర్‌లోకి వచ్చేస్తుంది. కానీ స్టాటిస్టిక్స్ ఒంటపట్టినవాళ్లకి రాసిన పుస్తకం అది. మొదటి సెమిస్టర్ పిల్ల చేతిలో పెడితే రెండో పేజీలోనే మూసేస్తుంది. పీజీ రెండో ఏడాదికి పెట్టండి, దండం పెడతాను.

ఇక గుప్తా, కపూర్‌ల 'ఫండమెంటల్స్ ఆఫ్ మ్యాథమెటికల్ స్టాటిస్టిక్స్'. మనందరం దాంట్లోనే చదువుకున్నాం, నా కాపీకి అట్టలు ఊడిపోయి రెండుసార్లు బైండింగ్ చేయించాను. సిద్ధాంతానికి దాన్ని మించింది పిల్లలకి అందుబాటులో లేదు. కానీ ప్రోగ్రామింగ్ ల్యాబ్ పేపరు కింద దాన్నే రిఫరెన్స్‌గా వేయడం, ఈత నేర్చుకోవడానికొచ్చినవాడి చేతిలో కృష్ణా నది మ్యాపు పెట్టినట్టుంది.

నా బాధంతా ఇదే. పక్కన కూచుని నేర్చుకోవాల్సిన పుస్తకం, అవసరమైనప్పుడు తిరగేసి చూసుకోవాల్సిన పుస్తకం, సిద్ధాంతం చెప్పే పుస్తకం. మూడూ మూడు రకాలు. మూడింటినీ ఒకే శీర్షిక కింద, కూర్పు రాయకుండా, సంవత్సరం రాయకుండా, ఏ అధ్యాయం చదవాలో చెప్పకుండా కలిపేస్తున్నాం. డబ్బున్న పిల్లలు ఐదూ కొంటారు. లేనివాళ్లు ఐదింటిలో ఒకటి కొనాలి, ఏది కొనాలో చెప్పేవాళ్లు లేరు, మొదటిది కొంటారు. మొదటిది ఎందుకు మొదట ఉందని ఒకాయన్ని అడిగితే, రచయిత పేరు ఇంగ్లీషు అక్షరక్రమంలో ముందొస్తుందని చెప్పారు.

3. ఎర్ర స్టిక్కర్

లైబ్రరీలో కొన్న పుస్తకాలకి 'రిఫరెన్స్' అని ఎర్ర స్టిక్కర్ వేస్తారు. ఇంటికివ్వరు. అక్కడే కూచుని చదువుకోవాలి. నిఘంటువుకి, ఎన్‌సైక్లోపీడియాకి అది న్యాయమే. ప్రోగ్రామింగ్ పుస్తకం సంగతి చూడండి: లైబ్రరీ ఒక బిల్డింగులో, ల్యాబ్ ఇంకో బిల్డింగులో. పుస్తకం ఉన్నచోట కంప్యూటర్ లేదు, కంప్యూటర్ ఉన్నచోటికి పుస్తకం రాదు. పిల్లలు లైబ్రరీలో ప్రోగ్రాం నోట్సులోకి ఎక్కించుకుని, మెట్లు దిగి, ల్యాబుకొచ్చి, నోట్సు చూసి టైప్ చేస్తారు. ఎక్కించడంలో చుక్క పోతుంది, కామా పోతుంది. తప్పు వస్తే పుస్తకంతో సరిచూసుకోవడానికి మళ్లీ మెట్లెక్కాలి. ఈలోపు పీరియడ్ అయిపోతుంది.

మార్చి నెలాఖరులో బడ్జెట్ మురిగిపోతుందని హడావుడిగా ఒకే పుస్తకం పది కాపీలు కొనడం కూడా చూశాను. పదీ స్టిక్కర్‌తో బీరువాలోకి వెళ్లాయి. బీరువాకి తాళం. తాళం ఎక్కడుందో తెలిసిన అటెండర్ గారు రిటైరయ్యారు. (ఇది వెటకారం కాదు, నిజంగానే జరిగింది. కొత్త తాళం చేయించారనుకోండి, ఏడు నెలల తరువాత.)

4. మొదటి పేజీలోనే ఆగిపోవడం

కొత్త పుస్తకాల్లో చాలావరకు మొదటి అధ్యాయంలోనే ఏదో ప్యాకేజీ ఇంటర్నెట్ నుంచి దించుకోమంటాయి. హ్యాడ్లీ విక్కమ్, మరో ఇద్దరు కలిసి రాసిన 'ఆర్ ఫర్ డేటా సైన్స్' రెండో కూర్పు 2023లో వచ్చింది. నెట్‌లో మొత్తం పుస్తకం ఉచితంగా చదువుకోవచ్చు. చక్కటి పుస్తకం. అంటార్కిటికా పెంగ్విన్ల రెక్క పొడవు, బరువు మధ్య సంబంధంతో మొదలవుతుంది. పెంగ్విన్లు మా పిల్లలకి తెగ నచ్చాయి, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ ఆ మొదటి బొమ్మ గీయాలంటే టైడీవెర్స్ అన్న ప్యాకేజీల మూట దిగాలి. మా ల్యాబులో నెట్ ఆఫీసు గది దాకానే వస్తుంది. వేరే ల్యాబులో కంప్యూటర్లు సగం పాతవి, 32 బిట్‌వి. ఆర్ 4.2.0 నుంచి, అంటే 2022 నుంచి, 32 బిట్ విండోస్‌కి ఆర్ రావడమే ఆగిపోయింది. కాబట్టి ఆ సగం 4.1.3 దగ్గర నిలిచిపోయాయి. ఒకే గదిలో ఎడమవైపు వరసకి ఒక వెర్షన్, కుడివైపు వరసకి ఇంకో వెర్షన్.

దీనికితోడు ఆర్‌లో ఇప్పుడు రెండు యాసలున్నాయి. పాత పద్ధతి ఒకటి, టైడీవెర్స్ పద్ధతి ఒకటి. రెండూ సరైనవే, మనకి గుంటూరు మాట, గోదావరి మాట ఉన్నట్టే. కానీ కొత్తగా తెలుగు నేర్చుకునేవాడికి ఒక వాక్యం ఈ యాసలో, పక్క వాక్యం ఆ యాసలో చెప్తే ఏమవుతాడు? జాబితాలో మొదటి పుస్తకం ఒక యాస, రెండోది రెండో యాస. ఒక పని ఫలితాన్ని తరువాతి పనికి అందించే పైప్ గుర్తు ఒక పుస్తకంలో శాతం గుర్తుల మధ్య ఉంటుంది, ఇంకోదాంట్లో నిలువు గీత పక్కన ఉంటుంది. ఈ రెండోది 2021లో 4.1.0తో ఆర్‌లోకే వచ్చింది. రెండూ దాదాపు ఒకే పని చేస్తాయని సిలబస్‌లో ఎక్కడా ఒక్క మాట లేదు.

శాస్, ఎస్‌పీఎస్ఎస్ అని లైసెన్సు కొనాల్సిన స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్ల పేర్లు కూడా సిలబస్‌లో రాస్తున్నారు. లైసెన్సు కొనని సాఫ్ట్‌వేర్‌కి రిఫరెన్స్ పుస్తకం దేనికో నాకు తెలియదు. ఆ పేరు చెప్పి పిల్లలు హైదరాబాద్ అమీర్‌పేట వెళ్లి వేలు పోస్తున్నారు. దాని గురించి ఇంకో లేఖ రాయాలి.

5. గైడు రాజ్యం

మంచి పుస్తకం పనికిరాకపోతే పిల్లలు చదవడం మానరు, గైడు కొంటారు. జిరాక్స్ షాపులో స్పైరల్ బైండింగ్ చేసి అమ్మే నోట్సు కొంటారు. వాటిలో ప్రోగ్రాములు వర్డ్‌లో టైప్ చేసినవి. కొటేషన్ గుర్తులు అందంగా వంకర తిరిగి ఉంటాయి. ఆర్‌కి వంకర గుర్తులు పనికిరావు, అక్కడే ఆగిపోతుంది. 'మీన్' అన్న ఫంక్షన్‌ని చిన్న ఎం అక్షరంతో రాయాలి, వర్డ్ తనంతట తాను పెద్ద ఎం చేసేసింది, గైడులో అలాగే అచ్చయింది. అలాంటి ఫంక్షనే లేదంటుంది ఆర్. ఇలాంటివి నేను చెప్పగలను. సులువుగా కనపడని తప్పులతోనే నాకు భయం.

ఒక గైడులో "మిస్సింగ్ వాల్యూస్ ఉన్నచోట సున్నా వేయాలి" అని బోల్డ్ అక్షరాల్లో ఉంది. మిస్సింగ్ వాల్యూస్ అంటే కొలత లేక ఖాళీగా ఉన్న గళ్లు. ఆర్‌తోపాటే వచ్చే న్యూయార్క్ గాలి నాణ్యత డేటాలో 1973 మే నుంచి సెప్టెంబరు దాకా 153 రోజుల కొలతలున్నాయి. ఓజోన్ వరసలో 37 రోజుల కొలత లేదు. ఉన్న 116 రోజులకి సగటు తీస్తే 42 చిల్లర. గైడు చెప్పినట్టు ఖాళీల్లో సున్నాలు నింపి తీస్తే 32 కంటే తక్కువ. గాలి శుభ్రపడలేదు, లెక్క చెడింది, అంతే.

న్యూయార్క్ ఓజోన్ ఏమైపోతే మనకేం అంటారా? గుంటూరు మిర్చి యార్డుకే రండి. వారంలో ఐదు రోజులు క్రయవిక్రయాలు జరిగి, ఐదు రోజులూ క్వింటా 14,000 పలికిందనుకుందాం. రెండు రోజులు యార్డుకి సెలవు, ధర గడి ఖాళీ. ఆ రెండు గళ్లలో సున్నా వేసి ఏడుతో భాగిస్తే వారం సగటు 10,000. క్వింటాకి నాలుగు వేలు ఎవరూ ఎత్తుకుపోకుండానే మాయమయ్యాయి. సెలవు రోజున ధర సున్నా కాదు, ధర లేదు. ఈ తేడా తెలియని డిగ్రీ పట్టుకుని రేపు మా పిల్లలే ఏ ఆఫీసులోనో కూచుని మిర్చి సగటు ధర లెక్కకడతారు. ఆ కాగితం చూసి ఎవరో నిర్ణయం తీసుకుంటారు. ఆ నిర్ణయం పడేది ఎకరంన్నర కౌలు రైతు మీద.

అందుకే ఏ పుస్తకం చేతికొచ్చినా నేను మొదట చూసేది వెనకాల సూచికలో 'మిస్సింగ్ వాల్యూస్' అన్న మాట ఉందా, ఉంటే ఎన్ని పేజీలు అని. లేకపోతే ఆ పుస్తకం పెట్టేస్తాను. తరువాత చూసేది, మన సొంత ఫైలు ఎలా ఎక్కించుకోవాలో చెప్పిందా లేదా అని. మూడోది, ఒక ఉదాహరణ మా ల్యాబు కంప్యూటర్‌లో టైప్ చేసి చూస్తాను. ముప్పావు గంట పని.

6. మన అంకెలు

ఆర్‌తో వచ్చే కార్ల డేటా 1974 నాటి అమెరికా పత్రికలోంచి తీసుకున్న 32 కార్లు. గ్యాలనుకి ఎన్ని మైళ్లని ఉంటుంది. ఆ కార్లు పిల్లలే కాదు, నేనూ చూడలేదు. న్యూయార్క్ డేటాలో ఉష్ణోగ్రత ఫారెన్‌హీట్‌లో ఉంటుంది, ఎక్కువలో ఎక్కువ 97. మొదటిసారి ఆ అంకె చూసి ఒకబ్బాయి, "97 ఏంటి మేడం, న్యూయార్క్‌కి థర్మామీటర్ పెట్టారా?" అన్నాడు. వాడికి తెలిసిన ఫారెన్‌హీట్ జ్వరం చూసుకునేదే.

అందుకని ఒక సెమిస్టర్ ప్రకాశం బ్యారేజీ అంకెలు పేపర్లలోంచి ఏరించాను, నెల రోజులవి, దిగువకి వదిలిన నీరు క్యూసెక్కుల్లో. 2024 సెప్టెంబరు మొదట్లో వచ్చిన 11.43 లక్షల క్యూసెక్కుల రికార్డు అందులో ఉంది. సగటు తీస్తే అంకె ఎటో ఎగిరిపోయింది. మధ్యగతం, అంటే వరసలో పేరిస్తే నడిమధ్య పడే అంకె, పెద్దగా కదల్లేదు. సగటుకి, మధ్యగతానికి తేడా ఏమిటని తరువాత నేను చెప్పాల్సిన పని పడలేదు. విజయవాడ సింగ్‌నగర్ అబ్బాయి ఒకడు లేచి, "ఈ అంకె మా ఇంట్లోకి వచ్చింది మేడం" అన్నాడు. పక్కవాడు వెంటనే, "మీ ఇంట్లోకొచ్చింది బుడమేరు వాగురా, కృష్ణ కాదు" అన్నాడు. పావుగంట వాదించుకున్నారు. ఏ అంకె ఎక్కడ కొలిచింది, దేన్ని చెప్తుంది, దేన్ని చెప్పదు అన్న పాఠం ఆ పావుగంటలో అయిపోయింది. ఏ రిఫరెన్స్ పుస్తకంలోనూ ఆ అధ్యాయం లేదు.

స్టాటిస్టిక్స్ దిగ్గజం సి.ఆర్. రావు గారు చిన్నప్పుడు నూజివీడులో, నందిగామలో చదువుకున్నారు. 1945లో ఆయన రాసిన ఒక్క పేపరు మీద ఎన్ని పుస్తకాలు వచ్చాయో మీకు చెప్పేపాటిదాన్ని కాను. 2023లో ఆయనకి అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి వచ్చినప్పుడు మేమూ ఫ్లెక్సీ కట్టాం. ఆ ఫ్లెక్సీ ఖర్చుతో ల్యాబుకి రెండు పుస్తకాలు వచ్చేవని అప్పుడే అన్నాను. ఎవరూ నవ్వలేదు.

మా విన్నపాలు

మా అంటే నేను, నా రెండో లేఖ మీద సంతకాలు పెట్టిన పిల్లలు. జూన్‌లో కాలేజీలు తెరిచేలోగా వీటి మీద ఏదో ఒక జవాబు కావాలి. కాదన్నా పర్వాలేదు, కారణం రాసి కాదనండి.

ఒకటి. జాబితాలోకి ఏ పుస్తకం ఎక్కాలన్నా, కమిటీలో ఒకరు దానిలోంచి కనీసం మూడు ప్రోగ్రాములు మామూలు ల్యాబు కంప్యూటర్‌లో సొంత చేత్తో టైప్ చేసి చూడాలి. ఏ వెర్షన్‌లో నడిచాయో, ఏవి నడవలేదో రాసి సంతకం పెట్టాలి. ఆ కాగితం సిలబస్‌తోపాటు మాకు పంపాలి. మిగతావి అటూఇటూ అయినా సరే, ఈ ఒక్కటీ వదులుకోము.

రెండు. ప్రతి పుస్తకం పక్కన కూర్పు, సంవత్సరం, ఏ యూనిట్‌కి ఏ అధ్యాయం అన్నది ఉండాలి. నేర్చుకోవడానికి, చూసుకోవడానికి, సిద్ధాంతానికి అని మూడుగా విడదీయాలి. కొనాల్సింది ఒక్కటే ఉండాలి. ఉచితంగా దొరికేవి ముందు రాయాలి. పీజీ పిల్లలకి 'యాన్ ఇంట్రడక్షన్ టు స్టాటిస్టికల్ లెర్నింగ్' ఉంది. 2021 నాటి రెండో కూర్పునీ, 2023లో వచ్చిన పైతాన్ (ఇంకో కంప్యూటర్ భాష) కూర్పునీ రచయితలే పీడీఎఫ్‌గా ఉచితంగా పెట్టారు. దాన్ని ఎనిమిది వందలు పెట్టి జిరాక్స్ తీయించుకున్న పిల్లాణ్ని నేను ఈ ఏడాదే చూశాను.

మూడు. ఆర్‌తోపాటే 'యాన్ ఇంట్రడక్షన్ టు ఆర్' అన్న మాన్యువల్ వస్తుంది. విండోస్‌లో హెల్ప్ మెనూలోకి వెళ్తే కనిపిస్తుంది, దాదాపు వంద పేజీలు. ఉన్నదున్నట్టు కాపీలు తీసి పంచుకోవచ్చని దాని మొదట్లోనే అనుమతి రాసి ఉంటుంది, కాపీరైట్ పేజీ తీసేయకపోతే చాలు. చట్టబద్ధంగా జిరాక్స్ తీసుకోగల పుస్తకం ప్రతి కంప్యూటర్‌లోనూ ఉండగా, మన పిల్లలు తీసుకోకూడనివి తీసుకుంటున్నారు. చదవడానికి కాస్త పొడిగానే ఉంటుంది, అబద్ధం చెప్పను. కానీ చివర్లో అనుబంధంగా ఉన్న నమూనా సెషన్ మొదటి వారంలో చేయిస్తే పిల్లలకి చెయ్యి తిరుగుతుంది. ప్రతి ల్యాబుకి నాలుగు ప్రింట్లు బైండింగ్ చేయించి ఇవ్వండి.

నాలుగు. కొన్న పుస్తకాల్లో రెండు కాపీలు ల్యాబులో ఉండాలి. పోతాయని భయమైతే గొలుసు వేసి బల్లకి కట్టండి, బ్యాంకులో పెన్ను కట్టినట్టు. పోతే నా జీతంలో కోయండని కూడా రాసిస్తాను.

ఐదు. జాబితాలోని పుస్తకాలకి కావాల్సిన ప్యాకేజీలన్నీ పరీక్షలకి ముందు కాదు, సెమిస్టర్ మొదలయ్యేలోగా అన్ని కంప్యూటర్లలో ఎక్కించాలి. నెట్ లేకపోతే పెన్‌డ్రైవ్‌లో తెచ్చి నేను ఎక్కిస్తాను. ల్యాబు తాళం ఒక ఆదివారం ఇస్తే చాలు.

ఆరు. ఆర్‌కి ఏటా వేసవిలో కొత్త వెర్షన్ వస్తుంది. ఏ మార్పు మన పుస్తకాల్లో ఏ పేజీని తాకుతుందో ఏడాదికి ఒక్క పేజీ సర్క్యులర్ ఇవ్వండి. ఐదేళ్లకోసారి సిలబస్ మార్చేదాకా ఆగొద్దు.

ఏడు. మిర్చి ధరలు, బ్యారేజీ నీళ్లు, వర్షపాతం. మన ప్రాంతపు అంకెలతో నాలుగైదు ఫైళ్లు, ఖాళీ గళ్లు ఖాళీగానే ఉంచి, అన్ని కాలేజీలకీ ఇవ్వాలి. తయారుచేయడానికి పిల్లలే చాలు.

ఎనిమిది. ఆర్ చూపించే ఎర్ర అక్షరాల సందేశాలకి తెలుగులో అర్థం, కారణం, మందు రాసిన నోట్సు నా దగ్గర ఒకటి ఉంది. నాలుగేళ్లుగా ల్యాబులో వచ్చిన తప్పులే, అరవై దాకా ఉన్నాయి. తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలు దాన్ని ఒకరి దగ్గర ఒకరు తీసుకుని ఫోన్లో ఫొటోలు తీసుకుంటున్నారు. కమిటీ పేరు వేసుకుని అచ్చువేసినా నాకు అభ్యంతరం లేదు, పిల్లలకి చేరితే చాలు.

వచ్చే సిలబస్ మీటింగు కాన్ఫరెన్స్ హాల్లో కాకుండా ఒక్కసారి ల్యాబులో పెట్టండి. ఐదు పుస్తకాలూ నేను మోసుకొస్తాను. టీ మేం ఇస్తాం. ఏ సిస్టమ్ దగ్గరైనా కూచోండి, కిటికీ పక్కన రెండోది తప్ప. దాని షిఫ్ట్ కీ పనిచేయదు, బ్రాకెట్ పడదు. ఆ సంగతీ ఇన్వర్డ్‌లో ఉంది.

ఇట్లు,
ఒక గెస్ట్ లెక్చరర్
బ్రాడీపేట, గుంటూరు